ముగ్గురు గవర్నర్లు, ఒక కాగితాల కట్ట: స్కూల్ ఎక్స్‌క్లూజన్ విచారణలకు శిక్షణ ఎలా ఉండాలి

ఇంగ్లండ్‌లో ఒక హెడ్‌టీచర్ ఒక విద్యార్థిని బడి నుంచి శాశ్వతంగా తీసేస్తే, ఆ నిర్ణయాన్ని మొదట పరిశీలించేది కోర్టు కాదు, కనీసం ముగ్గురు స్కూల్ గవర్నర్లు. వీళ్లు బడి పాలక మండలిలో జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సభ్యులు. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రుళ్లు కాగితాల కట్ట చదువుకుని విచారణకు వస్తారు. ఎదురుగా ఒక పక్క ఏళ్లుగా తెలిసిన హెడ్‌టీచర్, ఇంకో పక్క మొదటిసారి చూస్తున్న తల్లిదండ్రులు. రెండు మూడు గంటల్లో ఒక పిల్లవాడు తిరిగి ఆ బడికి వస్తాడా రాడా అన్నది తేల్చాలి.

వీళ్లలో పక్షపాతంతో వచ్చేవాళ్లు చాలా తక్కువ. అన్యాయం ఎక్కువగా జరిగేది వేరే దారిలో: ప్రశ్నలు అడగాల్సిన వరుస తెలియక. ఏం జరిగిందో తేలకముందే, తీసేయడం సబబేనా అన్న చర్చలోకి దూకేస్తారు. ఆ వరుస అలవాటయ్యేదాకా చేయించడమే శిక్షణలో అసలు పని. చట్టం చెప్పడం అందులో ఒక భాగం మాత్రమే.

చట్టం రూపురేఖలు ముందు క్లుప్తంగా చూద్దాం. ఆధారం ఎడ్యుకేషన్ యాక్ట్ 2002లోని 51ఏ సెక్షన్, దాని కింద వచ్చిన 2012 నాటి నిబంధనలు, విద్యాశాఖ ఎప్పటికప్పుడు సవరిస్తూ వచ్చే మార్గదర్శకాలు. సస్పెన్షన్ అంటే కొన్ని రోజులు. ఒక విద్యా సంవత్సరంలో మొత్తం 45 బడి రోజులు దాటకూడదు. పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్ అంటే శాశ్వతంగా. ఏదైనా హెడ్‌టీచర్ మాత్రమే చేయాలి, క్రమశిక్షణ కారణాలతోనే చేయాలి. పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్ జరిగితే తల్లిదండ్రులు అడిగినా అడగకపోయినా 15 బడి రోజుల్లోపు గవర్నర్లు సమావేశమై, ఆ విద్యార్థిని తిరిగి చేర్చుకోవాలా అని చూడాలి. ఒక టర్ములో సస్పెన్షన్ రోజులు 15 దాటినా, పబ్లిక్ పరీక్ష తప్పిపోయే పరిస్థితి వచ్చినా ఇదే వర్తిస్తుంది. పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్‌ను గవర్నర్లు నిలబెడితే తల్లిదండ్రులు మరో 15 బడి రోజుల్లోపు స్వతంత్ర సమీక్ష ప్యానెల్ కావాలని అడగవచ్చు. దాన్ని స్థానిక అథారిటీ (ఆ ప్రాంత కౌన్సిల్), అకాడమీ అయితే, అంటే ప్రభుత్వ నిధులతో ట్రస్టు నడిపే బడి అయితే, ఆ ట్రస్టు ఏర్పాటు చేస్తుంది.

ఇప్పుడు శిక్షణ సంగతి. సమీక్ష ప్యానెల్ సభ్యులూ దాని క్లర్కూ (కాగితాలు పంపి, నోట్సు రాసుకుని, పద్ధతి విషయంలో సాయపడే వ్యక్తి) సమీక్ష తేదీకి ముందు రెండేళ్లలోపు శిక్షణ పొంది ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఆ శిక్షణలో ఏం ఉండాలో కూడా చెప్పారు: ఎక్స్‌క్లూజన్ చట్టం, నిబంధనలు, మార్గదర్శకాలు, వాటికీ జ్యుడీషియల్ రివ్యూ (ప్రభుత్వ సంస్థల నిర్ణయం చట్టబద్ధమేనా అని కోర్టు చూడటం) సూత్రాలకూ ఉన్న సంబంధం, సహజ న్యాయ సూత్రాలు, చైర్ (అధ్యక్షత వహించే సభ్యుడు) పాత్ర, క్లర్క్ పాత్ర, వివక్షను నిషేధించే ఈక్వాలిటీ యాక్ట్ 2010 కింద బాధ్యతలు, ప్రభుత్వ సంస్థలు మానవ హక్కులకు విరుద్ధంగా నడవకూడదనే హ్యూమన్ రైట్స్ యాక్ట్ 1998లోని 6వ సెక్షన్ ప్రభావం. జాబితా బాగానే ఉంది. కానీ గవర్నర్ల ప్యానెల్‌కు నిబంధనల్లో ఇలాంటి షరతు లేదు.

ఇది మామూలు విషయం కాదు. 2012కు ముందున్న అప్పీలు ప్యానెళ్లు పిల్లవాణ్ణి తిరిగి చేర్చుకోమని ఆదేశించగలిగేవి. వాటి స్థానంలో వచ్చిన సమీక్ష ప్యానెల్‌కు ఆ అధికారం లేదు. గవర్నర్ల నిర్ణయాన్ని కొట్టేసి మళ్లీ ఆలోచించమనగలదు, అంతే. అంటే ఈ రెండు మెట్లలో పిల్లవాణ్ణి బడికి రప్పించే అధికారం ఉన్నది గవర్నర్లకు మాత్రమే, తప్పనిసరి శిక్షణ లేనిదీ వాళ్లకే. శిక్షణకు ఉన్న సమయం, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. సమీక్ష ప్యానెల్‌కు ఇచ్చే శిక్షణంతా గవర్నర్లకూ ఇవ్వాలి. వాళ్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి.

ఒక రోజు, పన్నెండు మంది

సాయంత్రం గంటన్నర స్లయిడ్లు చూపించి పంపేస్తే మిగిలేది ఏమీ ఉండదు. విన్నవాళ్లకు తేదీలు గుర్తుంటాయి, వాదనలో చిక్కు వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియదు. ఆరు గంటల రోజు కావాలి. పన్నెండు మందికి మించకూడదు, ఎందుకంటే ముగ్గురేసి చొప్పున నాలుగు బల్లలుగా కూర్చోవాలి. నిజం ప్యానెల్‌లో మామూలుగా ఉండేదీ ముగ్గురే. చట్టానికి గంటన్నర, సాక్ష్యం చదవడానికి గంట, నమూనా విచారణకు రెండు గంటలు, కారణాలు రాయడానికి ముప్పావు గంట, చివర్లో పునఃపరిశీలనకు ముప్పావు గంట. క్లర్కులు ఇందులో కూర్చోవాలి, వాళ్లకు విడిగా మరో పూట కూడా ఉండాలి.

రోజంతా ఒకే నమూనా కట్ట మీద నడపాలి. ఒక్కో అంశానికి ఒక్కో చిన్న ఉదాహరణ ఇస్తే సభ్యులకు విషయాలు విడివిడిగా అర్థమవుతాయి కానీ, అవన్నీ ఒకే కేసులో పెనవేసుకుని వచ్చినప్పుడు విడదీయడం రాదు. కట్ట 40 పేజీలు సరిపోతుంది: హెడ్‌టీచర్ లేఖ, ఆయన నివేదిక, సాక్షుల మాటలు, బడి కంప్యూటర్లోంచి తీసిన ప్రవర్తన రికార్డు, ప్రత్యేక విద్యావసరాల కాగితాలు, బడి ప్రవర్తన నియమావళి, తల్లిదండ్రుల లేఖ. పేర్లు చెరిపేసైనా సరే నిజం కేసు కాగితాలు వాడకూడదు. ఒక ఊళ్లో ఒక బడిలో జరిగిన గొడవను పేరు లేకపోయినా గుర్తుపట్టేవాళ్లు ఆ గదిలోనే ఉంటారు.

కట్టలో లోపాలు కావాలని పెట్టాలి. ఇద్దరు విద్యార్థుల వాంగ్మూలాల్లో ఒకే అరుదైన వాక్యం పొల్లు పోకుండా ఉండాలి; ఎవరో పెద్దవాళ్లు రాసిచ్చారనో, ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి రాయించారనో అనుమానం రావాలి. ప్రవర్తన రికార్డులో ఒక నమోదు తేదీ, తీసేసిన రోజు తర్వాతిది అయి ఉండాలి. పిల్లవాడు తనవైపు కథ ఏం చెప్పాడో ఎక్కడా ఉండకూడదు. ఒత్తిడి పెరిగితే కార్డు చూపించి క్లాసు బయటికి వెళ్లవచ్చని అతని సహాయ ప్రణాళికలో ఉండాలి, ఆ రోజు కార్డు చూపిస్తే టీచర్ కూర్చోమన్నారని 23వ పేజీలో ఒక సాక్షి అని ఉండాలి. అదే గొడవలో ఉన్న ఇంకో పిల్లవాడికి రెండు రోజుల సస్పెన్షనే పడిందని ఎక్కడో ఒక్క ముక్క ఉండాలి. వీటితో పాటు దారి తప్పించేవి కూడా: తండ్రి బడికి పంపిన కటువైన ఈమెయిల్, లేఖలో తప్పుగా టైప్ అయిన ఒక తేదీ. ఆ ఈమెయిల్‌కు పిల్లవాడి ప్రవర్తనతో సంబంధం లేదు. తప్పు తేదీ వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. మొదటిసారి చదివినప్పుడు ఎక్కువమంది గీత గీసేది ఈ రెండింటి కిందే. సహాయ ప్రణాళికనూ 23వ పేజీనీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. అది వాళ్లే తెలుసుకున్నాక చదివే పద్ధతి దానంతటదే మారుతుంది.

ప్రశ్నల వరుస

ఏం జరిగింది? మొదటి ప్రశ్న ఇది, దీన్ని తేల్చకుండా ముందుకు వెళ్లకూడదు. రుజువు కొలమానం క్రిమినల్ కోర్టుది కాదు. జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ అవకాశం ఉంటే చాలు. శిక్షణకు వచ్చినవాళ్లు దీన్ని రెండు వైపులా తప్పు అర్థం చేసుకుంటారు. కొందరు సందేహానికి ఏమాత్రం తావుండకూడదనుకుని తటపటాయిస్తారు. ఎక్కువమంది ఇంకో వైపు జారి, 'హెడ్‌టీచర్ నమ్మారు కాబట్టి సరే' అంటారు. హెడ్‌టీచర్ నమ్మడం సాక్ష్యం కాదు. ఆయన ఏ సాక్ష్యం చూసి నమ్మారో దాన్ని గవర్నర్లు తమ కళ్లతో చూసి తూచాలి. అందుకే నమూనా విచారణలో ప్రతి బల్లా ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఒక వైపు ఇరుపక్షాలూ ఒప్పుకున్న సంగతులు, రెండో వైపు వివాదంలో ఉన్నవి రాయాలి. వివాదంలో ఉన్న ప్రతి సంగతి పక్కనా ఏ పేజీ అవునంటోంది, ఏ పేజీ కాదంటోంది అన్నది ఉండాలి. ఈ ఒక్క కాగితం లేకుండా నడిచిన చర్చలో ముగ్గురూ మూడు వేర్వేరు సంఘటనల గురించి మాట్లాడుకుంటుంటారు.

తర్వాతది: జరిగింది నియమావళి ప్రకారం తీవ్రమైన ఉల్లంఘనా, లేక పదేపదే జరిగిన ఉల్లంఘనా? రెండోదైతే ప్రవర్తన రికార్డును పంక్తి పంక్తీ చదవాలి. 60 నమోదులు ఉన్నాయని విని బెదిరిపోకూడదు. వాటిలో హోంవర్క్ తేనివి ఎన్ని, యూనిఫాం తప్పులు ఎన్ని, ఎవరికైనా దెబ్బ తగిలినవి ఎన్ని, ప్రతి దాని తర్వాత బడి ఏం సాయం చేసింది అని విడగొట్టాలి.

మూడోది అందరూ దాటేసే ప్రశ్న. ఉల్లంఘన ఒక్కటే సరిపోదు. ఆ విద్యార్థి బడిలో కొనసాగితే అతని చదువుకో క్షేమానికో, ఇతరుల చదువుకో క్షేమానికో తీవ్రమైన హాని జరుగుతుందని కూడా ఉండాలి. రెండూ కావాలి. ఇది జరిగిపోయినదాన్ని గురించిన ప్రశ్న కాదు, ఇకపై జరగబోయేదాన్ని గురించినది. ఎవరికి, ఎలాంటి హాని, దాన్ని తగ్గించడానికి వేరే మార్గాలు ఏమున్నాయి, అవి ఎందుకు పనికిరావు? తరగతి మార్చడం, కొంతకాలం వేరే చోట చదివించడం, తల్లిదండ్రుల సమ్మతితో వేరే బడికి మార్చడం లాంటివి ఆలోచించారా? హెడ్‌టీచర్ లేఖలో దీనికి ఒక వాక్యం ఉంటుంది, చట్టంలోని మాటల్నే తిరిగి రాసి. ఆ వాక్యం దగ్గర ఆగి, 'ఇలా అనడానికి ఆధారం ఏ పేజీలో ఉంది?' అని అడగడం నేర్పితే చాలు, ఒక రోజు శిక్షణ సార్థకమైనట్టే.

ఆ తర్వాతే పద్ధతి, న్యాయం, తగిన శిక్ష అన్న ప్రశ్నలు. నిర్ణయం తీసుకునే ముందు పిల్లవాడి మాట విన్నారా? అతన్ని ఎవరైనా రెచ్చగొట్టారా, ఉదాహరణకు జాతి పేరుతో వేధించారా? అదే గొడవలో ఉన్న మిగతావాళ్లకు ఏం శిక్ష పడింది, తేడా ఉంటే ఎందుకు? ఇతర పిల్లల వివరాలు బయటపెట్టకుండానే ఈ చివరి ప్రశ్నకు జవాబు రాబట్టవచ్చు. ఎలా అడగాలో చైర్ చేత గట్టిగా పలికించి మరీ సాధన చేయించాలి.

పేరు లేని వాంగ్మూలాల దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. విద్యార్థుల వాంగ్మూలాలపై పేరు, సంతకం, తేదీ ఉండాలన్నది మామూలు పద్ధతి. పేరు దాచడానికి తగిన కారణం ఉంటే దాచవచ్చు, అప్పుడూ తేదీ ఉండాలి. కానీ తనను తీసేయడానికి కారణమైన ఆరోపణ సారాంశం ఏమిటో తెలుసుకునే హక్కు ఆ పిల్లవాడికి ఉంది. పేరు లేని మాటను పూర్తిగా తోసెయ్యనక్కర్లేదు, ప్రశ్నించే వీలు లేదు కాబట్టి దాని బరువు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో సభ్యులే చెప్పి, రాయాలి. సీసీటీవీ విషయంలోనూ అంతే: శబ్దం ఉందా, క్లిప్పు ఎక్కడ మొదలైంది, మొదటి దెబ్బకు ముందు అర నిమిషం ఎవరి దగ్గరైనా ఉందా, తల్లిదండ్రులకు చూపించారా?

వైకల్యం, ప్రత్యేక అవసరాలు

ఈ భాగానికి ఎంత సమయం ఇచ్చినా తక్కువే. ప్రభుత్వం చేయించగా 2019లో వచ్చిన టింప్సన్ సమీక్ష ప్రకారం, శాశ్వతంగా తీసేసిన పిల్లల్లో 78 శాతం మంది ప్రత్యేక విద్యావసరాలు ఉన్నవాళ్లో, సామాజిక సేవల సాయం అవసరమైన వర్గంలో ఉన్నవాళ్లో, ఉచిత భోజనానికి అర్హులో. అంటే ప్యానెల్ ముందుకు వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి వెనుక ఏదో ఒక కథ ఉంటుంది. దాని కోసం వెతకడం జాలి చూపడం కాదు, చట్టం పెట్టిన బాధ్యత.

సభ్యులు చేసే మొదటి తప్పు, డాక్టరు చీటీయో ప్రత్యేక ప్రణాళికో లేకపోతే వైకల్యం లేనట్టే అనుకోవడం. ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం చూడాల్సింది పేరు పెట్టారా లేదా అని కాదు, శారీరక లేదా మానసిక స్థితి రోజువారీ పనుల మీద గణనీయంగా, దీర్ఘకాలం ప్రభావం చూపుతోందా అని. దీర్ఘకాలం అంటే 12 నెలలు ఉన్నది లేదా ఉండే అవకాశం ఉన్నది. రెండో తప్పు, 'కొట్టాడు కాబట్టి ఆ చట్టం వర్తించదు' అనడం. ఇతరులను కొట్టే స్వభావాన్ని వైకల్యం నిర్వచనంలోంచి తీసేసిన ఒక నిబంధన ఉంది. కానీ 2018లో అప్పర్ ట్రైబ్యునల్ (కింది ట్రైబ్యునళ్ల తీర్పుల మీద అప్పీళ్లు వినేది) ఒక ఆటిజం ఉన్న పిల్లవాడి కేసులో, విద్యకు సంబంధించి ఇలాంటి పిల్లల విషయంలో ఆ నిబంధన మానవ హక్కులకు విరుద్ధమని తేల్చింది. పాత స్లయిడ్లతో శిక్షణ ఇచ్చేవాళ్లు ఇది మార్చారో లేదో ముందు చూసుకోవాలి.

అడగాల్సిన ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది: ఈ పిల్లవాడికి ఏ సర్దుబాట్లు చేయాలని కాగితం మీద ఉంది, ఆ రోజు ఆ గంటలో అవి జరిగాయా? నమూనా కట్టలో కార్డు సంగతి పెట్టింది ఇందుకే. కార్డు పనిచేసి ఉంటే అతను గది బయట ఉండేవాడు. అలాంటప్పుడు లోపల జరిగినదాన్ని మొత్తం అతని మీదే వేయవచ్చా? దీనికి ఒకే సరైన జవాబు ఉందని చెప్పకూడదు. దెబ్బ తగిలిన పిల్లవాడి క్షేమం కూడా అదే బల్ల మీద ఉంది. ప్రశ్న అడిగారా, జవాబును తూచారా, రాశారా అన్నదే చూడాలి.

సమీక్ష దశలో తల్లిదండ్రులు ప్రత్యేక విద్యావసరాల నిపుణుణ్ణి అడగవచ్చు. ఆ పిల్లవాడికి అలాంటి అవసరాలు ఉన్నాయని బడి ఒప్పుకోకపోయినా ఈ హక్కు ఉంటుంది, ఖర్చు ఏర్పాటు చేసేవాళ్లదే. నిపుణుడు పిల్లవాణ్ణి పరీక్షించడానికి రాడు. ప్రత్యేక అవసరాలకూ ఈ ఎక్స్‌క్లూజన్‌కూ సంబంధం ఏమైనా ఉందా అని నిష్పక్షపాతంగా చెప్పడానికి వస్తాడు. ఇతనికి రోగ నిర్ధారణ ఏమిటని ఆయన్ని అడిగే సభ్యులు ఉంటారు. ఆ ప్రశ్న అక్కడ వృథా.

గది లోపల

న్యాయంగా చేయడం ఒక్కటే చాలదు, న్యాయంగా జరుగుతున్నట్టు అవతలివాళ్లకు కనిపించాలి కూడా. హెడ్‌టీచర్ ముందే లోపల కూర్చుని ఉండగా తల్లిదండ్రులను పిలిస్తే అక్కడితో నమ్మకం పోతుంది. ఇద్దరూ కలిసి లోపలికి రావాలి, కలిసి బయటికి వెళ్లాలి. విరామంలో కాఫీ కూడా ప్యానెల్ విడిగా తాగాలి. నిర్ణయం గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ బయటికి వెళ్లాలి. క్లర్క్ ఉండవచ్చు, రాసుకున్న నోట్సు చదివి వినిపించడానికీ లేఖ మాటల్లో సాయపడటానికీ మాత్రమే.

గవర్నర్లు ఏడాది పొడవునా చేసే పని హెడ్‌టీచర్‌ను బలపరచడం, పనితీరు అడగడం. ఈ ఒక్క గదిలో పాత్ర మారుతుంది. 'మనం మద్దతివ్వకపోతే టీచర్ల ముందు ఆయన పరువేం కావాలి' అన్న మాట నమూనా విచారణల్లో దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరి నోట వస్తుంది. రానివ్వాలి. వచ్చాక చైర్ దాన్ని ఎలా పక్కన పెట్టాలో అక్కడే సాధన చేయించాలి. అలాగే పిల్లవాడు తల దించుకుని మాట్లాడకుండా కూర్చుంటే పశ్చాత్తాపం లేదనుకోవడం, తండ్రి గొంతు పెంచితే ఇల్లే ఇలాంటిదనుకోవడం. ఇవి సాక్ష్యాలు కావు. పిల్లవాణ్ణి విచారణకు పిలవాలి, వస్తే ఎవరి పక్కన కూర్చుంటాడో, ఎప్పుడు బయటికి వెళ్లవచ్చో మొదటే చెప్పాలి. ప్రశ్నలు చిన్నవిగా, ఒక్కోసారి ఒక్కటే అడగాలి. రాలేకపోతే రాసో, ఇంకొకరి ద్వారానో చెప్పే వీలివ్వాలి.

తల్లిదండ్రులకు ఇంగ్లిష్ అంతగా రాకపోతే అనువాదకుడు కావాలి. పిల్లవాడి చేతే అమ్మకు అనువాదం చేయించడం ఎప్పటికీ సరికాదు. తన మీద ఆరోపణను తనే తల్లికి వినిపించాల్సి వస్తుంది, ఏది దాచాలన్నదీ అతని చేతిలో ఉంటుంది. అనువాదంతో నడిచే విచారణకు మామూలు కంటే రెట్టింపు సమయం పెట్టుకోవాలి. వీలైతే కాగితాలు కనీసం ఐదు బడి రోజుల ముందు అందాలని మార్గదర్శకాల్లో ఉన్న మాట ఈ కుటుంబాలకు ఇంకా ముఖ్యం.

క్లర్కులకు

రోజుల లెక్క నోటితో చెబితే రాదు, క్యాలెండర్ ఇచ్చి లెక్కపెట్టించాలి. మధ్యలో అర్ధ టర్ము సెలవులు, ఒక టీచర్ల శిక్షణ రోజు ఉన్న క్యాలెండర్ ఇవ్వాలి. బడి రోజు అంటే పిల్లలకు తరగతులు నడిచే రోజు. టీచర్లు మాత్రమే వచ్చే రోజు లెక్కలోకి రాదు. గడువు దాటిపోతే ఇక సమావేశం అక్కర్లేదని అనుకునే క్లర్కులు ఉన్నారు. అది తప్పు. గడువు దాటినా గవర్నర్ల బాధ్యత పోదు, ఆలస్యమైనంత మాత్రాన నిర్ణయం చెల్లకుండా పోదు. గవర్నర్ల సమావేశానికి క్లర్కుగా ఉన్నవాళ్లు అదే కేసు సమీక్షకు క్లర్కుగా కూర్చోకూడదు.

సమీక్ష ప్యానెల్: మళ్లీ విచారించడం కాదు

ఈ ప్యానెల్‌లో ముగ్గురు లేదా ఐదుగురు ఉంటారు. చైర్‌గా బడుల్లో జీతానికి ఎప్పుడూ పనిచేయని సామాన్య సభ్యుడు, వేరే బడి గవర్నర్లు, ఇప్పుడో గత ఐదేళ్లలోనో హెడ్‌టీచర్లుగా చేసినవాళ్లు. వీళ్లకు కష్టమైన సంగతి ఒక్కటే. 'నేనైతే ఏం చేసేవాణ్ణి?' అన్న ప్రశ్నను వదులుకోవాలి. హెడ్‌టీచర్లుగా చేసినవాళ్లకు ఇది మరీ కష్టం.

చూడాల్సింది గవర్నర్ల నిర్ణయాన్ని, మూడు వైపుల నుంచి. తమ చట్టబద్ధ అధికారం దాటారా? ఉదాహరణకు చదువులో వెనుకబడ్డాడనో, తల్లిదండ్రుల ప్రవర్తన నచ్చకో పిల్లవాణ్ణి తీసేస్తే అది చట్టవిరుద్ధం. సంబంధం లేనివి లెక్కలోకి తీసుకున్నారా, ఉన్నవి వదిలేశారా, లేదా ఏ గవర్నర్ల మండలి సబబుగా ఆలోచించినా రాని నిర్ణయానికి వచ్చారా? పద్ధతి న్యాయం జరగలేదని స్పష్టంగా చెప్పగలిగేంత లోపభూయిష్టంగా ఉందా? టైపు తప్పు మూడోదాని కిందికి రాదు. తల్లిదండ్రులకు కీలకమైన కాగితం అందకపోవడం రావచ్చు. కొత్త సాక్ష్యం చూడవచ్చు కానీ, నిర్ణయాన్ని కొట్టేయాలంటే గవర్నర్ల ముందు అప్పటికే ఉన్నది, లేదా సరిగ్గా అడిగి ఉంటే వాళ్లకు తెలిసి ఉండేది మాత్రమే ఆధారం కావాలి. ఈ గీతను నేర్పడానికి నమూనా కట్టకు రెండు కొత్త కాగితాలు చేర్చాలి: విచారణ తర్వాత వచ్చిన ఆటిజం నివేదిక ఒకటి, విచారణకు ముందే బడి ఫైల్లో ఉండి ఎవరూ తీయని మనస్తత్వ నిపుణుడి లేఖ ఒకటి. మొదటిది మళ్లీ ఆలోచించమని సిఫారసు చేయడానికి పనికిరావచ్చు. రెండోది కొట్టేయడానికే కారణం కావచ్చు.

తేలగలిగేవి మూడే: నిర్ణయాన్ని నిలబెట్టడం, మళ్లీ ఆలోచించమని సిఫారసు చేయడం, కొట్టేసి మళ్లీ ఆలోచించమని ఆదేశించడం. మూడో దాని తర్వాత కూడా గవర్నర్లు పిల్లవాణ్ణి తీసుకోకపోతే బడికి 4,000 పౌండ్ల భారం పడేలా ప్యానెల్ చేయగలదు.

కారణాలు రాయడం

'సమర్పించిన సాక్ష్యాలన్నిటినీ జాగ్రత్తగా పరిశీలించి హెడ్‌టీచర్ నిర్ణయంతో ఏకీభవించాం.' ఈ వాక్యం ఏ కేసుకైనా అతుకుతుంది, అందుకే ఏ కేసుకూ పనికిరాదు. దీన్ని బోర్డు మీద రాసి, ఈ రోజు ఇది ఎవరూ రాయకూడదని చెప్పి సాధన మొదలుపెట్టాలి. ప్రతి బల్లా ఒక పేజీ రాయాలి. వివాదంలో ఉన్న ప్రతి సంగతి మీదా ఏం తేల్చారు, ఎవరి మాట ఎందుకు నమ్మారు, హాని గురించిన మూడో ప్రశ్నకు జవాబేమిటి, తల్లిదండ్రులు చెప్పిన ప్రతి ముఖ్య వాదనకూ ఏం అన్నారు. 'ఇద్దరి వాంగ్మూలాల్లో ఒకే వాక్యం ఉండటం వల్ల వాటిని ఒకదానికొకటి బలంగా తీసుకోలేదు. క్లాసులో ఉన్న సహాయకురాలు విడిగా చెప్పిన మాట మీద ఆధారపడ్డాం' అన్నట్టు ఉండాలి. తర్వాత పేజీలు పక్క బల్లకు మార్చాలి. పక్క బల్లవాళ్లు తామే ఆ పిల్లవాడి తల్లి అనుకుని చదివి, జవాబు దొరకని ప్రశ్నల్ని అంచున రాయాలి. ఓడిపోయిన పక్షానికి ఎందుకు ఓడిపోయామో ఆ పేజీ చదివితే అర్థం కావాలి. ఒప్పుకోనక్కర్లేదు.

చివరి ముప్పావు గంట, సమీక్ష ప్యానెల్ వెనక్కి పంపిన కేసు మీద. అలాంటప్పుడు గవర్నర్లు 10 బడి రోజుల్లోపు మళ్లీ కూర్చోవాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, పాత లేఖకే ఇంకో రెండు పేరాలు చేర్చి పంపడం. ఈసారి ప్యానెల్ తప్పుబట్టిన అంశం ఒక్కటే, కార్డు సంగతి, బోర్డు మీద రాయాలి. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడకముందే ఎవరికి వారు పది నిమిషాలు దాని మీద రాయాలి: మొదటిసారి దీన్ని ఎందుకు చూడలేదు, ఇప్పుడు చూస్తే ఏం మారుతుంది, ఏమీ మారదంటే ఎందుకు మారదు. కాగితాలు తిప్పి చదివాకే మాటలు మొదలుపెట్టాలి. చైర్ తన కాగితం చివర్న చదవాలి.